ఏ పని ఎవరికి నప్పుతుంది?



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లల్లో ఒకటే మాట. "పిల్లవాణ్ణి ఎందులో వెయ్యాలి?" ఈ మాట పక్కింటాయన్ని అడుగుతాం. బస్సులో కలిసిన చుట్టాన్ని అడుగుతాం. పిల్లవాణ్ణి మాత్రం అడగం. ఆడపిల్లనైతే అసలే అడగం. ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

మన పాల్వంచలో ఉద్యోగం అంటే చాలామందికి థర్మల్. లేకపోతే కొత్తగూడెం బొగ్గుబావి. అట్లా అనుకోవడంలో తప్పు లేదు. 1966లో కేటీపీఎస్ మొదటి యూనిట్ మొదలైంది. దాని వల్ల ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. పాత స్టేషన్లలో మొత్తం ఎనిమిది యూనిట్లు ఉండేవి. అన్నీ కలిసి 720 మెగావాట్ల కరెంటు తీసేవి. 2018లో కొత్త యూనిట్ వచ్చింది. అది ఒక్కటే 800 మెగావాట్లు! పాతవి ఆగిపోయాయి. 2024 ఆగస్టు 5న పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చేశారు.

దీన్నిబట్టి మనకు ఏం తెలుస్తుంది? ఫ్యాక్టరీ పాతబడుతుంది. యంత్రం మారుతుంది. ఒక్క గేటునే నమ్ముకుంటే, అది మూసిన రోజు దిక్కు తోచదు. చేతిలో నేర్పు ఉన్నవాళ్లు ఇంకో గేటు తట్టగలరు. అందుకే ఏ ఉద్యోగం దొరుకుతుందో చూసేముందు, మన బిడ్డకు ఏ పని నప్పుతుందో చూడాలి.

ఐదు వేళ్లూ ఒక్కలా ఉండవు. ఒక తల్లి పిల్లలే అయినా ఒకరిలా ఒకరు ఉండరు. అది తెలుసుకోవాలంటే మూడు సంగతులు చూడాలి. ఒకటి ఇష్టం. రెండు నేర్పు. మూడు గుణం.

ఇష్టం అంటే ఏమిటి? ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసే పని. రేడియో పాడైతే విప్పి చూసే పిల్లలు ఉంటారు. అడవికి పోతే ప్రతి చెట్టు పేరూ అడిగే పిల్లలు ఉంటారు. అది ఇష్టం.

నేర్పు వేరు. విప్పిన రేడియోను మళ్లీ బిగించి పలికిస్తే, అది నేర్పు. తునికాకు కల్లం సంగతి మీకు తెలుసు. కట్టకు 50 ఆకులు. వంద కట్టలకు ఎన్ని ఆకులు? అయిదు వేలని నోటిలెక్కతో టక్కున చెప్పే పిల్లలు ఉన్నారు. బడిలో వాళ్లకు మార్కులు తక్కువ రావచ్చు. అయినా లెక్కలో నేర్పు ఉంది. దాన్ని మనం గుర్తుపట్టాలి.

ఇక గుణం. నర్సు పనికి ఓర్పు కావాలి. రాత్రిపూట మేలుకోవాలి. రక్తం చూసి బెదరకూడదు. కరెంటు పనికి నిదానం కావాలి. తొందరపాటు మనిషి స్తంభం ఎక్కితే ప్రాణానికే ముప్పు. దుకాణం నడపాలంటే పదిమందితో మంచిగా మాట్లాడాలి. ఒంటరిగా ఉండటం ఇష్టమైన పిల్లను అక్కడ కూర్చోబెడితే ఆమెకూ కష్టం, దుకాణానికీ నష్టం.

మరి నేర్పు బయటపడేది ఎట్లా? చేసి చూస్తేనే తెలుస్తుంది. 2014 మే 25న ఇద్దరు పిల్లలు ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఒకరు నిజామాబాదు జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. రెండోవారు మన చర్ల వైపు అబ్బాయి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్లే. మొదట భువనగిరి కొండ మీద ఎక్కడం నేర్పారు. ఆ కొండ ఎక్కించి చూడకపోతే వాళ్ల బలం ఎవరికి తెలిసేది?

ఇంకో మాట. ఇష్టమైన పని ప్రతిసారీ కడుపు నింపదు. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అంతటి విద్యను మన పిల్లలు వదలకూడదు. కానీ పాటతో పాటు బతుకుతెరువుకు ఇంకో పని కూడా నేర్చుకోవాలి. రెండూ చేయవచ్చు.

దారులు ఏమున్నాయి? ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు పదో తరగతి తర్వాత రెండేళ్లు. వెల్డర్ కోర్సు ఒక ఏడాది. దానికి ఎనిమిదో తరగతి చాలు. ఈ కోర్సుల్లో ఆడపిల్లలూ చేరవచ్చు. అడవి అంటే ఇష్టమైనవాళ్లు ఇంటర్ చదివి బీట్ ఆఫీసర్ పరీక్ష రాయవచ్చు. నడక పరీక్ష కూడా ఉంటుంది. మన పిల్లలకు నడక కొత్తా?

ఒక్క జాగ్రత్త. "డబ్బు కట్టండి, పర్మినెంటు ఉద్యోగం వేయిస్తా" అని ఎవరైనా వస్తే నమ్మకండి. ఆ మాట నమ్మి ఎడ్లు అమ్మకండి. పొలం కుదువ పెట్టకండి. బిడ్డకు నప్పని కోర్సు కోసం అప్పు చేస్తే, కోర్సు మధ్యలో ఆగుతుంది. వడ్డీ ఆగదు.

ఇదంతా పిల్లలకేనా? మనకు కాదా? ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి 14 ఏళ్లు నిండితే చాలు. నలభై ఏళ్ల అక్క కూడా రాయవచ్చు. అభ్యాసం కూసువిద్య అన్నారు పెద్దలు. చేస్తూ ఉంటే అదే వస్తుంది.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. ఇవాళ ఇంటికి పోయి ఒక కాగితం తీయండి. పైన బిడ్డ పేరు రాయండి. కింద మూడు గీతలు గీయండి. ఇష్టం, నేర్పు, గుణం అని రాయండి. నెల రోజులు బిడ్డను గమనించండి. కనిపించినవి రాయండి. తర్వాత బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. "నువ్వేమంటావు?" అని అడగండి. బిడ్డ చెప్పింది కూడా ఆ కాగితం మీదే రాయండి. వచ్చే నెల కేంద్రానికి వచ్చేటప్పుడు తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.