ఏలీయాకు దొరికిన రొట్టె మన పెద్దలకు దొరుకుతోందా?



ఈరోజు మన ఇళ్లలోని అవ్వల గురించి, తాతల గురించి మాట్లాడుకుందాం. వాళ్ల బీపీ, షుగర్ సంగతి మనకు తెలుసు. వాళ్ల మనసు ఎలా ఉందో ఎప్పుడైనా అడిగామా?

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. మన సంఘంలో ఒక అవ్వ, భర్త పోయాక ఆరాధనకు రావడం మానేసింది. మేము ఇంటికి వెళ్లినప్పుడల్లా "ఒళ్లంతా నొప్పులు అయ్యగారూ, నిద్ర పట్టదు, అన్నం సయించదు" అనేది. మేము ప్రార్థన చేసి, "విశ్వాసం ఉంచమ్మా, వయసైతే ఇంతే" అని చెప్పి వచ్చేసేవాళ్లం. నెలలు గడిచాయి. ఒకరోజు ఆమె "నేనింక ఎవరికి అక్కర? ప్రభువు తీసుకుపోతే బాగుండు" అంది. అప్పుడు గానీ మాకు కళ్లు తెరుచుకోలేదు. ఆమెకు వచ్చింది విశ్వాసలోపం కాదు, డిప్రెషన్ అనే జబ్బు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మందులు మొదలైన కొన్ని వారాలకు నిద్రపట్టింది. ఇప్పుడు మళ్లీ మన మధ్య కూర్చుంటోంది.

మన కేజీఎఫ్‌లో ఈ కుంగుబాటుకు కారణాలు కళ్లముందే ఉన్నాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మూడు కిలోమీటర్ల లోతు గనుల్లో బంగారం తీసిన చేతులు ఖాళీ అయిపోయాయి. జీతంతోపాటు షిఫ్టు పోయింది, తోటివాళ్లు చెదిరిపోయారు, నలుగురిలో ఉన్న విలువ పోయింది. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైనవాళ్లు వీధి చివరిదాకా నడవలేరు. పిల్లలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్తారు, చీకటి పడ్డాక వస్తారు. అది బతుకుతెరువు, తప్పు పట్టలేం. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంట్లో మనిషి గొంతు వినబడని ముసలితల్లి మాటేమిటి? మనవళ్ల చదువు కన్నడలో, ఇంగ్లీషులో. ఆమె దుఃఖం తెలుగులో.

2017-18లో మన దేశంలో వృద్ధులపై జరిగిన 'లాసీ' అనే పెద్ద సర్వే ప్రకారం, అరవై దాటినవారిలో నూటికి సుమారు ఎనిమిదిమందికి డిప్రెషన్ లక్షణాలున్నాయి. తమకు ఆ జబ్బు ఉందని డాక్టరు చెప్పినట్టు తెలిపినవారు మాత్రం నూటికి ఒకరు కూడా లేరు. మిగతావాళ్లు "వయసైతే ఇంతే" అన్న మాట కింద నలిగిపోతున్నారు.

పెద్దవాళ్లలో ఈ జబ్బు ఏడుపుగానే కనబడదు. ఒంటినొప్పులు, చిరాకు, మతిమరుపు, ఇష్టమైన పనిమీద కూడా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తేడా, బి12 లోపం, వేరే జబ్బులకు వాడే మందులు కూడా ఇలాంటి లక్షణాలు తేవచ్చు. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపకూడదు. బీపీ మాత్ర మింగితే అవిశ్వాసం కానప్పుడు, ఇది మాత్రం ఎలా అవుతుంది?

ఏలీయాను చూడండి, మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు కొండమీద అంత విజయం చూసిన ప్రవక్త, అరణ్యంలో ఒక చెట్టుకింద కూర్చుని చావును కోరుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, అదీ రెండుసార్లు. మాటలు ఆ తరువాతే. చివరికి తోడుగా ఎలీషాను చూపించాడు. మనమేమో ముందు ప్రసంగం చేస్తాం, రొట్టె మరిచిపోతాం.

అందుకని యౌవనస్థులారా, మనం నాలుగు పనులు చేద్దాం.

ఒక్కొక్కరం ఒక పెద్దమనిషిని ఎంచుకుని, వారానికి అరగంట తెలుగులో మాట్లాడదాం. సలహాలు వద్దు, గని రోజుల గురించి అడిగి విందాం.

ఆసుపత్రికి వాళ్లను ఒంటరిగా పంపకుండా పక్కన మనం వెళ్దాం. డాక్టరుకు వాళ్ల మాట కన్నడలో చెబుదాం.

"చచ్చిపోవాలనుంది" అని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోవద్దు. ప్రాణం తీసుకోవాలనుకుంటున్నారా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

నాలుగోది న్యాయం. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్లవారికి నెలకు రూ.200, 80 దాటితే రూ.500 మాత్రమే. రాష్ట్రం కలిపేది కలిపినా, మందుల చీటీ పట్టుకుని కొడుకు చేతివైపు చూసే తండ్రి మనసు ఎలా కుదుటపడుతుంది? పింఛను రానివారి కాగితాలు మనమే పట్టుకుని ఆఫీసుకు వెళ్దాం. వాళ్లను కుంగదీసేది ఒంటరితనం ఒక్కటే కాదు, లేమి కూడా.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఫోను పక్కన పెట్టి, అవ్వ పక్కన కూర్చోండి. "తిన్నావా?" అని అడగండి. తరువాత "మనసెలా ఉంది అవ్వా?" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగండి. ప్రార్థన కూడా చేద్దాం, ఆమె చెప్పింది విన్నాక.

ప్రభువు మనకు వినే చెవులిచ్చును గాక. ఆమేన్.