పాలబండి క్రింద చప్పుడు – మూలం కనిపెట్టే విధానం
(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో పాల రవాణా విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



పచ్చిమేత గురించి, వెన్న శాతం గురించి, పొదుగువాపు గురించి ఈ తరగతులలో మీరు ఎన్నో విషయాలు విన్నారు. ఈ పూట మేము పాలు మోసే బండిని గురించి చెప్పదలచాము. బండి సంగతి డ్రైవరుది, మెకానిక్కుది గదా, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. అయితే పాలు పితికినది మొదలు చల్లబడే వరకు పట్టే కాలంలో పెద్ద భాగం ఆ బండి మీదనే గడుస్తున్నది. పితికిన పాలు నాలుగు గంటల లోపల శీతలీకరణ కేంద్రం చేరి, 4 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగవలెనని మనమందరం చెప్పుకొనే మాటే. వెచ్చని పాలలో సూక్ష్మక్రిములు అరగంటకొకసారి, ఒక్కొక్కప్పుడు అంతకంటె త్వరగానే, రెట్టింపు కాగలవు. బండి దారిలో ఒక గంట ఆగిపోతే ఆ నష్టం బండిది కాదు, మన గేదెలది, మన ఇంటిది.

ఆపరేషన్ ఫ్లడ్ 1970లో మొదలై 1996లో ముగిసింది. ఆ తరువాత చాలా గ్రామాలకు బల్క్ కూలర్లు వచ్చినవి, ట్యాంకర్లు వచ్చినవి. అయినను కూలరు లేని చిన్న సంఘాల పాలు నేటికీ క్యాన్లలో, పికప్ బండ్ల మీదనే కేంద్రం చేరుతున్నవి. కావున ఆ బండి చప్పుడు చేస్తే మనం చెవి ఒగ్గి వినవలసిందే.

ఒక మార్గంలో జరిగినది

తొమ్మిది సంఘాల పాలు తెచ్చే ఒక పికప్ బండి క్రింద కొంతకాలంగా చప్పుడు రాసాగింది. టక్కుమని ఒకే దెబ్బ. బండి అడుగున ఎవరో సుత్తితో కొట్టినట్లుండేది. దారి పొడుగునా సంఘాల వారు అది విని, డ్రైవరు గుంతలు చూడకుండా తోలుతున్నాడని నిర్ధారణ చేసుకున్నారు. రెండు సంఘాలు డ్రైవరును మార్చవలెనని తీర్మానం కూడా వ్రాసి పంపినవి. మరమ్మతు ఖర్చు అతని జీతంలో విరగ్గోస్తామని బండి యజమాని అన్నాడు.

బండిని ఒక వర్కుషాపుకు తీసుకుపోతే వెనుక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చారు. చప్పుడు పోలేదు. మరొక చోట చూపిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు మార్చారు. అప్పటికీ పోలేదు. ఈ లోపల బండి రెండు పర్యాయాలు షెడ్డులో ఉండిపోయింది. బదులుగా వచ్చిన బండికి దారి తెలియక ఆలస్యమైంది. ఒక సాయంత్రం చివరి మూడు సంఘాల పాలు కేంద్రంలో సి.ఓ.బి. పరీక్షకు నిలువక విరిగిపోయినవి. ఏ తప్పూ చేయని సభ్యులకు ఆ పూట డబ్బు రాలేదు.

అప్పుడు విషయం మా దగ్గరకు వచ్చింది. మేము ఏ భాగమూ విప్పలేదు. మొదట డ్రైవరును కూర్చోబెట్టి, చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తున్నదో చెప్పమన్నాము. అతడు చెప్పినది ఇది: “గుంతలో పడితే రాదండి. సంఘం దగ్గర బ్రేకు వేసినప్పుడు ఒకటి, మళ్ళీ కదిలేటప్పుడు ఒకటి. వెనక్కు తీస్తే ఇంకొకటి. మధ్యలో ఎంత దూరం పోయినా ఏమీ ఉండదండి.” ఈ మాట ముందు ఎవరితోనైనా చెప్పావా అని అడిగితే, “నన్ను ఎవరూ అడగలేదండి” అన్నాడు.

ఆ ఒక్క మాటతో సగం పని తీరింది. గుంతలలో రాని చప్పుడుకు షాక్ అబ్జార్బరును అనుమానించ పనిలేదు. బండి ముందుకు, వెనుకకు ఊగే సమయాన ఏదో ఒకటి తన చోటు నుండి జరిగి తగులుతున్నదని అర్థమవుతున్నది.

ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోవుట

తరువాత చేసిన పని బియ్యంలో రాళ్ళు ఏరడం వంటిది. కానివాటిని వరుసగా తీసివేస్తూ పోతే అయినది మిగులుతుంది.

మొదట ఖాళీ క్యాన్లన్నీ దించివేశాము. వెనుక తలుపు గొలుసులకు గుడ్డ చుట్టాము. స్టెప్నీ చక్రం, జాకీ, పనిముట్ల పెట్టె కదలకుండా బిగించాము. సైలెన్సరు గొట్టాన్ని చేతితో ఊపి చూశాము. బండి కదిలితే మళ్ళీ టక్కుమన్నది. అంటే చప్పుడు సామానుది కాదు.

రెండవది, చదునైన ఖాళీ స్థలంలో బండిని మెల్లగా పోనిచ్చి, క్లచ్చి పూర్తిగా తొక్కి ఉంచి బ్రేకు వేయమన్నాము. క్లచ్చి తొక్కినప్పుడు ఇంజను లాగుడు షాఫ్టు మీద ఉండదు. అయినను చప్పుడు వచ్చింది. కావున షాఫ్టు మీది అనుమానం తగ్గి, ఇరుసు మీదికి మళ్ళింది.

మూడవది, వెనుక రెండు ప్రక్కలా కమాను కట్ట మీద నుండి ఇరుసు దిమ్మె మీదికి సుద్దముక్కతో నిలువుగా ఒక గీత గీశాము. బండిని నాలుగైదు సార్లు ముందుకు వెనుకకు నడిపించి, ఆపించి, చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టి చూశాము. కుడి ప్రక్క గీత చెక్కు చెదరలేదు. ఎడమ ప్రక్క గీత రెండు ముక్కలై, పై ముక్కకు క్రింది ముక్కకు వేలెడు ఎడం వచ్చింది. ముందు చక్రం నడిమి నుండి వెనుక చక్రం నడిమికి టేపుతో కొలిస్తే రెండు ప్రక్కలా కొలత సమానంగా లేదు. దొంగ దొరికినట్లే.

లోపల ఏమి జరిగినది?

జట్కా బండికి ఉండే కమాను కట్ట మనలో పెద్దలందరూ ఎరిగినదే. పికప్ బండి వెనుక ఉన్నది ఆ కుటుంబమే. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ ఒక సెంటర్ బోల్టుతో కూర్చి ఉంటారు. ఆ బోల్టు తల ఇరుసు దిమ్మెలోని రంధ్రంలో కూర్చుంటుంది. పైన రెండు యూ బోల్టులు కట్టను, ఇరుసును కలిపి గట్టిగా బిగిస్తాయి. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటి ఉన్నది. సెంటర్ బోల్టు పని ఇరుసుకు చోటు చూపించుట మాత్రమే. పట్టి ఉంచే బలమంతా యూ బోల్టుల బిగింపులోనే ఉన్నది. యూ బోల్టులు వదులైతే బ్రేకు వేసినప్పటి తోపు, కదిలేటప్పటి లాగుడు మొత్తం ఆ చిన్న బోల్టు మీద పడుతుంది. కొంతకాలానికి అది తెగుతుంది. తెగిన తరువాత ఇరుసు కమాను క్రింద ముందుకొకసారి, వెనుకకొకసారి జారుతుంది. జారినప్పుడల్లా ఒక టక్కు.

మరి యూ బోల్టులు ఎందుకు వదులైనవి? విచారించగా సంగతి తెలిసింది. ఆ మార్గంలో పాలు పెరిగి 24 క్యాన్లు 30 అయినవి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలుంటాయి. క్యాను బరువు కలిపితే సుమారు 50 కిలోలు. అంటే 1,200 కిలోల బరువు 1,500 కిలోలైంది. ఆ బండికి అనుమతి ఉన్నది 1,300 కిలోలకే. బండి వెనుక కుంగిపోతున్నదని యజమాని ఒక పట్టీ అదనంగా వేయించాడు. కట్ట మందం పెరిగినా పాత యూ బోల్టులనే సాగదీసి బిగించారు. కొంత దూరం తిరిగిన తరువాత మళ్ళీ బిగించవలసినది, ఎవరూ బిగించలేదు.

అదనపు పట్టీ వేసినంత మాత్రాన బండి బలం పెరగదు. కుంగుట తగ్గుతుంది, అంతే. ఇరుసు అదే, బ్రేకులు అవే, టైర్లు అవే. పైగా మితిమీరిన బరువుకు మోటారు వాహనాల చట్టం క్రింద, 2019 సవరణ తరువాత, 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయలు చొప్పున పడవచ్చు.

ఆ బండి అట్లే ఇంకొన్నాళ్ళు తిరిగి ఉంటే ఒకనాడు గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇరుసు ప్రక్కకు తిరిగి, బండి రోడ్డు మీద అడ్డం పడేది. డ్రైవరు, అతని ప్రక్కన కూర్చునే సహాయకుడు, ఎదురుగా వచ్చే వారు – ఎవరి ప్రాణానికీ హామీ లేదు.

కొత్త సెంటర్ బోల్టులు, కొత్త యూ బోల్టులు రెండు ప్రక్కలా వేయించాము. అదనపు పట్టీ తీసివేయించాము. మిగిలిన ఆరు క్యాన్లను ప్రక్క మార్గం బండికి మళ్ళించాము. మార్చనవసరం లేని షాక్ అబ్జార్బర్లకు అయిన ఖర్చులో ఇది కొద్ది భాగమే. రెండు సంఘాలు తమ తీర్మానాలను రద్దు చేసుకున్నవి. డ్రైవరు జీతం కోత లేకుండా అందింది.

చప్పుడును బట్టి చోటు

ప్రతి చప్పుడూ ఇదే కాదు. మీరు గుర్తు పెట్టుకొనుటకు కొన్ని చెబుతున్నాము.

చిన్న చిన్న గతుకుల మీద ఖాళీ బండి టకటకలాడి, బరువు వేయగానే నెమ్మదిస్తే, కమాను చివర ఉండే షాకిల్ పిన్ను, బుష్షు అరిగినవేమో చూడవలెను. బరువు ఉన్నప్పుడు పిన్ను ఒక ప్రక్కకు అదిమి ఉంటుంది గనుక చప్పుడు చేయదు.

లోడుతో పెద్ద గుంతలో పడ్డప్పుడు ఢామ్మని వస్తే, ఇరుసుకు పైన ఛాసిస్‌కు ఉండే రబ్బరు దిమ్మ ఊడిపోయి ఉండవచ్చు, లేదా బరువు మితిమీరి ఉండవచ్చు.

బండి ఒక ప్రక్కకు ఒరిగి నిలబడితే పట్టీ విరిగి ఉండవచ్చు. పట్టీలను తుడిచి, అడ్డంగా సన్నని తుప్పు గీత ఉన్నదేమో చూడవలెను.

కిర్రుకిర్రుమని వస్తే ఎండిపోయిన బుష్షు కావచ్చు. అనుమానం ఉన్న బుష్షు మీద ఒక్కొక్కదానికే నీళ్ళు చల్లి బండిని ఊపి చూడండి. ఏది తడిసినప్పుడు కిర్రు ఆగిందో అదే కారణం. బండి చక్రానికి కందెన వేసినట్లు రబ్బరు బుష్షు మీద డీజిలు గాని, ఇంజనాయిలు గాని పోయవద్దు. రబ్బరు ఉబ్బి త్వరగా పాడవుతుంది.

ముందు చక్రాల వైపు లొడలొడమని వచ్చి, బ్రేకు కొద్దిగా తాకించగానే ఆగిపోతే బ్రేకు ప్యాడ్లు వదులై ఉండవచ్చు. అట్లు ఆగకపోతే, స్టీరింగు తిప్పినప్పుడు ఎక్కువైతే, బాల్ జాయింటు, టై రాడ్డు కొనలు వెంటనే చూపించవలెను. ఇందులో రేపటి మాట పనికిరాదు.

ఇంకొక మాట. చప్పుడు ఛాసిస్ ఇనుము వెంబడి పాకుతుంది. వెనుక పుట్టినది ముందు వినిపించవచ్చు. చెవిని ఒక్కదాన్నే నమ్మక, ఇద్దరు కలిసి పరీక్షించండి. ఒకరు నిలిచి ఉన్న బండి మూలను పట్టి ఊపితే, రెండవవారు ప్రక్క నుండి చేయి చాపి కీలు దగ్గర వ్రేళ్ళు ఆనించి చూడవచ్చు. అదురు చేతికి తెలుస్తుంది. ఇంజను ఆపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, చదును నేల మీదనే ఇది చేయవలెను. జాకీ మీద మాత్రమే లేపిన బండి క్రిందికి ఎవరూ, ఎంత తొందరలోనైనా, దూరరాదు.

సంఘాలు చేయవలసినవి

మొదటిది, మార్గం బండికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. చప్పుడు వచ్చిన తేదీ, ఖాళీనా లోడా, బ్రేకులోనా గుంతలోనా అని డ్రైవరు చేత వ్రాయించండి. మెకానిక్కుకు ముందుగా చూపవలసినది ఆ పుస్తకమే.

రెండవది, వారానికొకసారి యూ బోల్టుల నట్లు చూడమనండి. నట్టు అంచున తుప్పు పొడి గాని, మెరిసే రాపిడి గీత గాని కనబడితే అది వదులైనట్లే. విప్పిన యూ బోల్టును మళ్ళీ వాడనీయవద్దు. కొత్తవి వేసిన తరువాత కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించవలెను. రబ్బరు బుష్షులు మార్చినప్పుడు బండి తన చక్రాల మీద నిలిచిన తరువాతనే చివరి బిగింపు ఇవ్వవలెను. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చినిగిపోతుంది.

మూడవది, క్యాన్లను రెండు ప్రక్కలా సమంగా సర్దండి. అరుగు ఎడమ ప్రక్క ఉన్నదని అన్నీ ఎడమనే పేర్చవద్దు. వెనుక తలుపు దగ్గరే గుంపుగా నిలపవద్దు. పాలు పెరిగితే సంతోషమే, కాని ఆ మాట యూనియన్‌కు తెలియజేసి మరొక బండి అడగండి, మరొక పట్టీ కాదు.

నాలుగవది, ఒక మనిషిని తప్పు పట్టే ముందు అతన్ని అడగండి. రోజుకు రెండు పూటలా ఆ బండి మీదనే కూర్చునే వానికి తెలిసినంత మనకెవరికీ తెలియదు. తెల్లవారుజామున చలిలో, వానలో మన పాలు మోసే వాడు మన సహకారంలో భాగస్వామి.

ఈ పాఠాన్ని మీ సంఘ సమావేశంలో చదివి వినిపించి, ఒక ప్రతిని మీ మార్గం డ్రైవరుకు కూడా ఇవ్వవలసినదిగా కోరుతున్నాము.