దుముకుడు పందెముల మోటారు బండి



మనుమడు వచ్చి, “తాతా, గుట్టలమీద దుమికెడు బండి కొనిపెట్టు” మని యడిగినచో పెద్దలేమనవలెను? వలదని గద్దించుటకును, సొమ్ము చేత బెట్టుటకును ముందు ఆ బండి స్వభావమును తెలిసికొనుట మేలు.

ఈ పందెములకు పుట్టినిల్లు ఇంగ్లండు. 1924లో కేంబర్లీ కడ జరిగిన పందెమును వీనికి మొదలుగా చెప్పుదురు. పిమ్మట మోటోక్రాసు అను పేరు వచ్చెను. చాలకాలము టూ స్ట్రోకు బండ్లు రాజ్యమేలినవి. 1998లో యమహావారి వైజడ్ 400 ఎఫ్ వచ్చిన పిదప ఫోర్ స్ట్రోకు బండ్లకు మరల ప్రాభవము కలిగెను. వీనియందు పెట్రోలులో నూనె కలుపనక్కరలేదు.

ట్రాక్టరు వలెనే దీని వాడుకను గంటలతో లెక్కింతురు. అయితే ట్రాక్టరు వేలగంటలు పనిచేయును. పందెములలో తిరుగు ఈ బండి పిస్టను కొన్ని పదుల గంటలకే మార్పు కోరును.

పాతబండిని కొనునపుడు ఇంజను చల్లగా నుండగనే స్టార్టు చేయించి చూడుడు. అమ్మువాడు ముందే వేడిచేసి యుంచినచో సందేహింపుడు. చల్లని ఇంజను ఎంతకును అందుకొననిచో వాల్వుల సందు తగ్గియుండవచ్చును. నీలిపొగ నూనె మండుచున్నదనుటకు గుర్తు. చక్రమునెత్తి పక్కలకు ఊపగా కదలినచో బేరింగులు అరిగినవని యెంచుడు. ఫ్రేముపై నున్న అంకెను కాగితములతో సరిచూడుడు.

ఇక పోషణ. ఇంజనులో పట్టు నూనె కొంచెము. కావున కొన్ని గంటల కొకసారి మార్చవలెను. దుమ్ములో తిరిగిన ప్రతిసారియు ఎయిర్ ఫిల్టరును కడిగి, ఆరబెట్టి, దానికి తగిన నూనె పట్టించి బిగింపవలెను. ఫిల్టరు దాటిన దుమ్ము వాల్వులను, పిస్టనును అరుగదీయును. చైను బిగువును, చక్రపు పుల్లలను తరచు చూచుచుండవలెను.

ముఖ్యమైన మాట యొకటి. ఈ బండికి దీపములు లేవు, హారను లేదు, రిజిస్ట్రేషను కాదు. ఊరిబాటపై నడుపుట చట్టవిరుద్ధము. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ననుసరించి, పదునెనిమిదేండ్లు నిండని బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వరకు చెరయు, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును.

హెల్మెట్టు, బూట్లు, మోకాటి కవచముల వెలను బండి వెలలో చేర్చి లెక్కింపుడు. పిమ్మట మనుమని నొక్కమాట యడుగుడు: ఆట ముగిసిన సాయంకాలమే ఫిల్టరు కడుగు ఓపిక నీకు కలదా? కలదేని కొనుడు, లేదేని ఆ సొమ్మును దాచుడు.