గొలుసు ట్రాక్టరు పుట్టిన యేడు



కావ్యములకు కాలనిర్ణయము చేయుట నేర్చిన పండితుడు ఇనుపబండికి కాలనిర్ణయము చేయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పని యొక్కటియే. కవి కాలమును తేల్చువారు ముందుగా గ్రంథములోని సాక్ష్యమును, పిమ్మట వెలుపలి సాక్ష్యమును చూతురు. ఇంతకు ముందు కాజాలదను పూర్వావధిని, ఇంతకు తరువాత కాజాలదను ఉత్తరావధిని నిలుపుదురు. చింతచెట్టు క్రింద త్రుప్పుపట్టి పడియున్న ట్రాక్టరునకును ఈ మార్గమే చెల్లును.

గొలుసు ట్రాక్టరనగా చక్రములకు మారుగా ఇరుప్రక్కల ఇనుపపలకల గొలుసులపై ప్రాకునది. అట్టి బండి ఎవరు చేసినదైనను మనవారు కాటర్‌పిల్లరే యందురు. ఆ మాటకు గొంగళిపురుగని యర్థము. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాక్టను పట్టణవాసియగు బెంజమిన్ హోల్టు, 1904 నవంబరులో తన ఆవిరి ట్రాక్టరునకు వెనుక చక్రములు తీసి గొలుసులు తొడిగి, మెత్తని నేలపై నడిపించి చూచెను. చక్రము దిగబడు నేలలో బరువును విశాలముగా పరచుటయే ఇందలి కిటుకు. ఆ పేరు 1910లో వ్యాపారచిహ్నముగా నమోదయ్యెను. 1925లో హోల్టు కంపెనీయు, దానికి ప్రత్యర్థియైన బెస్టు కంపెనీయు కలిసిపోగా కాటర్‌పిల్లర్ ట్రాక్టరు కంపెనీ యేర్పడెను. కావున ఆ పేరు ఒక్క యింటి సొత్తు. గొలుసుబండ్లన్నియు ఆ యింటివి కావు.

అందుచే మొదటి ప్రశ్న, ఇది యెవరి కార్ఖానాలోనిది యనునది. పేరున్న రేకు ఊడిపోయినను నిర్మాణము పలుకును. ఆ కాలపు కాటర్‌పిల్లరు డీజిలుబండికి, పెద్ద ఇంజనును మేల్కొలుపుటకై చిన్న పెట్రోలు ఇంజనొకటి వేరుగా నుండును. ఇంటర్నేషనల్ హార్వెస్టరు వారి టీడీ తరగతి బండ్లలో ఆ చిన్నది లేదు. పెద్ద ఇంజనే తొలుత పెట్రోలుతో నడచి, కొంత వేడెక్కిన పిమ్మట డీజిలునకు మారును. క్లీవ్‌లండు వారి క్లెట్రాకు మలుపు తిరుగునపుడు సైతము రెండు గొలుసులకును బలమందుచునే యుండును. కాటర్‌పిల్లరున అట్లుకాక, ఒక ప్రక్క క్లచ్చిని విడిపించి ఆ ప్రక్క గొలుసునకు బలము నాపుదురు. ఇన్ని గుర్తులుండగా పేరు తెలియలేదని చేతులు ముడుచుకొననక్కరలేదు.

రెండవ ప్రశ్న యేడు. ఇందు జనులు ముందుగా రంగును చూతురు. 1931 చివరివరకు కాటర్‌పిల్లరు బండ్లు బూడిదరంగు, ఎఱ్ఱని అంచులతో వెలువడెను. ఆ డిసెంబరున పసుపు వచ్చెను. సైన్యమునకు పోయినవానికి ముదురాకుపచ్చ పూసిరి. బోల్టు తలల సందులలో అడుగుపొర బూడిదరంగుగా కనబడినచో అది పూర్వపుదని యూహింపవచ్చును గాని, పైన పసుపున్నంత మాత్రమున ఏమియు తేలదు. రంగుడబ్బా అంగడిలో దొరకును గదా! గొలుసులు, రేడియేటరు, ఇంధనపు తొట్టి మున్నగునవి సైతము నమ్మదగినవి కావు. గాలిగోపురము ఎవరో తరువాతి రాజు కట్టించినదైనచో గర్భగుడి వయస్సును దానినిబట్టి చెప్పుదుమా?

నిజమైన సాక్ష్యము క్రమసంఖ్య. అది ఇంజను దిమ్మపైని, బండి వెనుకనున్న పెద్ద గేరుపెట్టెపైని పొడిచి యుండును. సంఖ్యకు ముందు వచ్చు గుర్తు తరగతిని తెలుపును. సిక్స్‌టీ అను పాత పెట్రోలుబండికి ‘ఏ’ అని యున్నచో కాలిఫోర్నియాలోని శాన్ లియాండ్రోలోను, ‘పీఏ’ అని యున్నచో ఇల్లినాయి రాష్ట్రములోని పియోరియాలోను చేసినది. డీజిలుబండ్లలో చిన్నదైన డీ2కు 1938 నుండి 1947 వరకు ‘3జే’, ‘5జే’ అనియు, 1947 నుండి 1957 వరకు ‘4యూ’, ‘5యూ’ అనియు గుర్తులు వేసిరి. గుర్తు పిమ్మటి అంకె ఆ తరగతిలో ఎన్నవ బండియో చెప్పును. కంపెనీ పట్టికలతో పోల్చినచో ఏడు తేలును.

ఇచ్చట పలువురు పడు గోయి యొకటి కలదు. పోతయినుముపై ఉబ్బెత్తుగా నుండు అంకెలు క్రమసంఖ్య కావు; అవి ఆ భాగమును గుర్తించుటకు అచ్చులోనే పోసినవి. క్రమసంఖ్య యన్ననో లోనికి దిగి యుండును. శిలాశాసనమున చెక్కిన యక్షరమునకును, శిల్పి వేసిన అలంకారమునకును గల భేదము వంటిది.

ఈ భేదము మా ప్రాంతమున నొక నల్లరేగడి గ్రామమున పెద్ద తగవునకు మూలమయ్యెను. ఇద్దరన్నదమ్ముల సంతతివారు ఒక డీ2 విషయమై మాటలు మానుకొనిరి. పెద్దాయన మనుమలు, అది తమ ముత్తాత 1941లో ఉమ్మడి సొమ్ముతో కొనినదనిరి. చిన్నాయన మనుమరాలు, 1946లో పంపకములైన తరువాత తన తాత స్వార్జితముతో కొనినదని వాదించెను. పాతయంత్రములు సేకరించు నొకడు మంచి వెల పలుకుటతో ఇరువురును పట్టు విడువరైరి. రెండిండ్ల పిల్లలును నా యొద్ద చదివినవారే గనుకను, తామ్రశాసనములు చదువుట నాకలవాటు గనుకను నన్ను పిలిచిరి.

పెద్దింటివారు చూపిన యాధారము ప్రక్కభాగపు పోతపైని ఉబ్బెత్తు అంకెలు. వాని చివర 41 ఉండుటచే అదే సంవత్సరమనిరి. నేను వెనుకపెట్టెపైని మడ్డిని కిరసనాయిలుతో నానబెట్టి తుడిపింపగా, పొడిచిన గుర్తు ‘5యూ’ అని బయటపడెను. ఇంజను దిమ్మపైని సంఖ్యయు దానితో సరిపోయెను. 1947కు ముందు ఆ గుర్తుగల బండి లోకమున లేదు. పుట్టని బిడ్డకు 1941లో నామకరణమెట్లు జరుగును?

పెద్ద మనుమడు కొంతసేపు ఊరకుండి, “మేష్టారూ, అయితే మా తాత మాతో అబద్ధమాడినాడా?” అని యడిగెను. బండికంటె ఆ మాటయే వానిని నొప్పించుచున్నదని నాకు తెలిసెను. “అబద్ధమని నేననను, నాయనా. ఉమ్మడిగా నుండగా కొనవలెనని మీ ముత్తాత తలచియుండవచ్చును. ఇంట పదిమార్లు విన్న తలపు వినగా వినగా కొనుగోలుగా మారుట వింత కాదు” అంటిని. ఆ పిల్లతోను ఒక మాట చెప్పవలసి వచ్చెను. బండిని ఆమె తాతయే కొనెనని ఆ సంఖ్య చెప్పదు. 1946 పంపకములకు పూర్వము ఎవరును కొనలేదని మాత్రమే చెప్పును. మిగిలినది రసీదులు చెప్పవలెను. ఆమె వెదకెదననెను.

పుట్టిన యేడు వేరు, ఊరికి వచ్చిన యేడు వేరు. రెండవ ప్రపంచయుద్ధమునకై తెచ్చిన బండ్లలో మిగిలినవి యుద్ధానంతరము మన దేశమున సేద్యమునకు మరలెను. కేంద్ర ట్రాక్టరు సంస్థ అట్టి మిగులుబండ్లతో మధ్యభారతమున రెల్లు పట్టిన నేలలను దున్నించెను. ఆ పని పెంచుటకై 1949లో ప్రపంచబ్యాంకు మన ప్రభుత్వమునకు కోటి డాలర్లు అప్పిచ్చెను. కావున 1943 నాటి బండి ఒక రైతుచేతికి 1950లో వచ్చుటయు కలదు. సంఖ్య పూర్వావధియే; ఉత్తరావధిని కాగితములలో వెదకవలెను.

మీ యూరను ఇట్టిదున్నచో ఇనుపకుంచెతోగాని, రాపిడిచక్రముతోగాని గీకకుడు. మడ్డితోపాటు అక్షరమును పోవును. ఒక రాత్రి కిరసనాయిలు గుడ్డ కప్పియుంచి, ఉదయమున తుడిచి, సుద్దపొడి రుద్దుడు. పలుచని కాగితము పఱచి పెన్సిలు అడ్డముగా త్రిప్పినచో శాసనపు నకలువలె అచ్చు దిగును. ఇంజను సంఖ్యయు, పెట్టె సంఖ్యయు వేరైనచో ఇంజను మరియొక బండినుండి వచ్చినదని గ్రహించి, పెట్టె సంఖ్యనే బండి సంఖ్యగా గొనుడు. డీ2లో గుర్తుమొదటి అంకె చెరిగి 3యో 5యో తెలియనిచో, ఒక గొలుసు నడిమినుండి రెండవ గొలుసు నడిమికి టేపు పట్టుడు. నలువది అంగుళములైన ‘3జే’, ఏబది అంగుళములైన ‘5జే’.