‘డిస్గస్టు’ అను మాట – రోత, వెగటు, జుగుప్స

(కోసపాళయమున తెలుగు ఉద్యోగుల కుటుంబములు కూడిన సభలో చేసిన ప్రసంగపాఠము)



కచేరీ కాగితములను తెలుగు చేయవలసివచ్చినవారికి ‘డిస్గస్టు’ అను ఇంగ్లీషు మాట మొదట సులభముగానే తోచును. జుగుప్స, రోత, అసహ్యము, ఏవగింపు అని నాలుగు మాటలు సిద్ధముగా నున్నవి. చేతికి దొరికినదానిని వ్రాసి పని ముగించుట కద్దు. కాని ఈ నాలుగును ఒక్కటి కావు. ఇంగ్లీషు మాటయు ఎల్లకాలము ఒకే అర్థముతో నిలిచినది కాదు.

అసలా మాట ఇంగ్లీషువారి సొంత సొత్తు కాదు. పదునారవ శతాబ్ది చివర ఫ్రెంచివారి యొద్దనుండి తెచ్చుకొన్నది. 1954 నవంబరు 1వ తేదీ వరకు ఫ్రెంచి ఏలుబడిలోనున్న ఈ పట్టణమువారికి ఇది వినదగిన ముచ్చట. ఫ్రెంచి చదివినవారెరిగిన ‘దెగూ’ అను మాటయే దీనికి తోబుట్టువు. రెంటికిని మూలము లాటిను భాషలోని ‘గుస్తుస్’, అనగా రుచి. ముందున్న ‘డిస్’ ఆ అర్థమును త్రిప్పివేయు ఉపసర్గ. కావున దీని తొలి సంబంధము నాలుకతోనే: నోటికి హితవు కాకపోవుట. ఆ ‘గుస్తుస్’నకును సంస్కృతములోని ‘జుష్’ ధాతువునకును మూలమొక్కటే యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ‘జుష్టము’ అనగా ఇష్టపడి సేవింపబడినది గదా! ఎక్కడి లాటిను, ఎక్కడి సంస్కృతము!

షేక్స్పియరు నాటకములలో ఈ మాట కానరాదు. 1755లో శామ్యూల్ జాన్సను వెలువరించిన నిఘంటువులో దీనికి మొదట నాలుకకు పట్టకపోవుట యనియు, పిమ్మట మనసు నొచ్చుట, అలుక యనియు అర్థములున్నవి. ఆ శతాబ్దపు ఉత్తరములలో ఒక దొరకు మరియొక దొరవలన ‘డిస్గస్టు’ కలిగెననిన, అతడు నొచ్చుకొనెనని మాత్రమే అర్థము కావచ్చును. ముక్కు మూసికొనెనని కాదు. అట్టిచోట ‘జుగుప్స’ యని వ్రాసినచో చిన్న అలుక పెద్ద అవమానమై కూర్చుండును. ఈ పట్టణముననే డూప్లే దొరకు దుబాసియైన ఆనందరంగ పిళ్ళె (1709–1761) తెలుగు కవులకును ఆశ్రయమిచ్చినవాడు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరుమీదనే వెలసినది. రెండు భాషల నడుమ నిలువబడి బ్రదుకువానికి ఒక్క మాట బరువెంతో అట్టివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక తెలుగునకు వత్తము. పండుగనాడు నాలుగు బొబ్బట్లు తిన్నవాడు అయిదవది వడ్డింపవచ్చిన ఇల్లాలితో ‘రోత పుట్టినది’ అనడు. అన్నచో మరునాడు వంట దొరకదు. ‘వెగటు పుట్టినది’ అనును, లేదా ‘మొగము మొత్తినది’ అనును. లాటిను మూలమునకు సరిగా అతుకునది ఈ ‘వెగటే’. నిఘంటుకర్తలు దానిని వెనుకకు నెట్టుట న్యాయము కాదు. ‘రోత’ కంటికిని ముక్కునకును చెందినది. దాని క్రియ ‘రోయు’. సంసారమును రోసి అడవికి పోయెనని వాడుక. ప్రాచీన కావ్యములలో ‘రోయు’ అనగా వెదకుట యను అర్థమును కలదు గనుక, చదువువారు కొంచెము మెలకువతో నుండవలెను.

‘అసహ్యము’ కథ మరియు చిత్రము. సంస్కృతమున దానికి సహింపరానిది అనియే అర్థము. ఎండయైనను వేదనయైనను అసహ్యము కావచ్చును. తెలుగు ఇండ్లలో ఆ భారమంతయు జారి, ఏహ్యభావమొక్కటే మిగిలినది. నేడు ‘అసహ్యమైన ఎండ’ అన్నచో పిల్లలు నవ్వుదురు. మన తమిళ పొరుగువారు ఇట్టిచోట ‘అరువరుప్పు’ అని తమ మాటనే వాడుకొందురు.

‘జుగుప్స’ వ్యాకరణమునుండి వచ్చినది. కాపాడుట, దాచుట యను అర్థములుగల ‘గుప్’ ధాతువుపై పాణిని ‘సన్’ ప్రత్యయమును విధించెను. తన్ను తాను కాచుకొనగోరి వెనుదీయుట దీని లోపలి భావమని చెప్పవచ్చును. భరతముని దీనినే బీభత్సరసమునకు స్థాయిభావము చేసి, ఆ రసమునకు నీలవర్ణమును, మహాకాలుని అధిదేవతగాను చెప్పెను.

డార్విను 1872లో ముఖకవళికలనుగూర్చి ప్రకటించిన గ్రంథములో ఒక సంగతి వ్రాసెను. దక్షిణ అమెరికా కొననున్న తియెర్రా దెల్ ఫ్యూగోలో ఆయన చల్లని నిలువ మాంసము తినుచుండగా, అచ్చటి మనుష్యుడొకడు దానిని వ్రేలితో తాకి, ఆ మెత్తదనమునకు స్పష్టముగా రోసెను. డార్వినునకో, చేతులు మురికిగా కనబడకపోయినను ఆ మనుష్యుడు తాకినందుననే తన ఆహారముపై ఏవ కలిగెను. ఒకడు వస్తువును రోసెను; రెండవవాడు మనుష్యుని రోసెను. రెంటికిని ఇంగ్లీషున మాట ఒక్కటే.

ఇందులోని పట్టు నాలుకది కాదు, మనసుది. 1986లో పాల్ రోజిన్ మొదలగు అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు క్రిములు లేకుండ శుద్ధిచేసిన చచ్చిన బొద్దింకను పండ్లరసములో ముంచి తీసి చూపిరి. అపాయము లేదని తెలిసియు జనులు ఆ రసమును రోసిరి. మడి కట్టుకొన్న మామ్మగారికి ఈ పరిశోధన వినిపించినచో, ఇందులో క్రొత్తయేమున్నదని అడుగును. కాని బొద్దింక స్థానమున మనిషి నిలిచినప్పుడు సంగతి మారును. మురికిని ఎత్తి పోయువానికే ఆ మురికి పేరు పెట్టుట, అతడు స్నానముచేసి వచ్చినను లోటా దూరముగా నుంచుట ఎరుగని ఊరు మన దేశమున అరుదు. రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో దానికి శిక్షలు విధించు చట్టము వచ్చెను. అయినను చేతులతో మలమెత్తించు పనిని 1993లో ఒకమారు, 2013లో మరల, చట్టముచే నిషేధింపవలసివచ్చెను. ఒక్క చట్టముతో రోత వదలలేదు.

‘బీభత్స’ శబ్దమునకు మన భారతములోనే మరియొక త్రోవ కలదు. ఉత్తరగోగ్రహణమున బృహన్నల తానే అర్జునుడనగా ఉత్తరుడు వెంటనే నమ్మక, పది పేర్లును వాని కారణములును చెప్పుమనెను. అందులో ‘బీభత్సు’ ఒకటి. ఎదుటివానిని చూచి రోయుటవలన వచ్చిన పేరు కాదది. యుద్ధములో తాను ఎన్నడును రోతపుట్టించు పని చేయనందువలన తనకా పేరు కలిగెనని అర్జునుడు ఆ బాలునకు చెప్పెను.