మేడమీది గది
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మీ అందరికీ పరాభవ నామ సంవత్సరాది శుభాకాంక్షలు. పేరు విని ఎవరూ జంకనక్కరలేదు. వరుసలో వచ్చిన పేరే గాని, మనమీద ఎవరికో కోపం వచ్చి పెట్టినది కాదు. పచ్చడి తిన్నారు గనుక చేదు మాట ఒకటి రెండు మా నోట వచ్చినా ఓర్చుకుంటారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాము. మేము చెప్పదలచినది ఈ భవనంలో మేడమీద తాళం వేసి ఉన్న గదిని గురించి.

మన రాయగడ, కొరాపుట్ ప్రాంతాల తెలుగువారంతా ఒకే తీరుగా వచ్చినవారము కాము. కొన్ని కుటుంబాలు అసలు కదలనే లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అంతవరకు విశాఖపట్టణం జిల్లాలో ఉన్న ఈ సీమ అటు చేరింది. వారు గడప దాటకుండానే పొరుగు రాష్ట్రంవారయినారు. తక్కినవారు పని వెతుక్కుంటూ వచ్చినారు. 1960లలో ఇక్కడ జేకేపూర్‌లో కాగితపు మిల్లు, సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం, ఆ తరువాత 1980లలో దమన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం వచ్చినవి. అక్కడ చేరినవారికి ఉద్యోగంతోపాటు ఒక ఊరు కూడా దొరికింది. ఒకే షిఫ్టు, ఒకే క్యాంటీను, వరుస క్వార్టర్లు. ఎవరింట్లో పెళ్లిచూపులో, ఎవరికి జ్వరమో మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసేది. ఉగాదికి చందా వసూలు చేయాలంటే షిఫ్టు విడిచే వేళకు గేటు దగ్గర నిలుచుంటే చాలును.

ఇప్పుడు మన పిల్లలు చేసే ఉద్యోగాలకు గేటు లేదు. 2020 మార్చిలో ఊళ్లన్నీ మూతపడినప్పుడు హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి ల్యాప్‌టాప్ సంచీ ఒకటి భుజాన వేసుకొని ఇల్లు చేరినవారు ఎందరో మీకు తెలుసు. చాలామంది తిరిగి వెళ్లినారు, కొందరు ఉండిపోయినారు. సొంతంగా పనులు పట్టి చేసేవారూ వారిలో ఉన్నారు. బొమ్మలు గీసేవారు, లెక్కలు రాసేవారు, ఎక్కడో ఉన్న కంపెనీకి ప్రోగ్రాములు రాసేవారు. మొన్న ఒక తల్లి మాతో అన్నది: "మా గుంటడు ఇంటికొచ్చీసేడని సంబరపడ్డాం బాబూ. ఇంట్లోనే ఉంటాడు, తలుపేసుకుని ఎవలితోనో ఇంగ్లీషులో మాటాడతాడు. అన్నం పళ్లెం గుమ్మం కాడ పెట్టాలి."

ఇక కోడళ్ల సంగతి వేరు. శ్రీకాకుళం వైపు నుండి వచ్చిన పిల్ల, ఒడియా రాదు, వీధిలో పరిచయం లేదు. ఉద్యోగం మాత్రం చేతిలో ఉన్నది. వంటగదికి, ఆ యంత్రానికి మధ్యనే ఆమె రోజు వెళ్లిపోతున్నది. జీతం వస్తున్నది గదా, ఇంకేమి కావాలని మనము అనుకొంటున్నాము.

ఇటువంటి ఇబ్బందే అమెరికాలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరుకు వచ్చింది. ఉద్యోగంలో ఉంటే స్వేచ్ఛ లేదు, సొంతంగా చేసుకుంటే తోడు లేదు. 2005 ఆగస్టులో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక మహిళా సంస్థవారి ఇంట్లో వారానికి రెండు రోజులు చోటు అద్దెకు తీసుకొని, ఎవరి పని వారు తెచ్చుకొని కలిసి చేసుకుందాము రమ్మని పిలిచినాడు. మొదటి నెల ఒక్కరూ రాలేదు! కో-వర్కింగ్ అని నేడు లోకమంతా చెప్పుకొనేది ఆ ఖాళీ గదిలోనే మొదలైంది. కలిసి భోజనం చేసేవారు, సాయంత్రం 5.45కు ఖచ్చితంగా మూసేవారు. ఆ మూసే వేళే మాకు ఎక్కువ నచ్చింది. ఇంట్లో చేసే పనికి ఆ వేళ ఎన్నడూ రాదు గదా. తరువాత ఇది పెద్ద వ్యాపారమైంది. 2010లో న్యూయార్కులో పుట్టిన వీవర్క్ ఎన్నో దేశాలకు వ్యాపించి, 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా, ముఖ్యంగా స్త్రీలను దృష్టిలో పెట్టుకొని, చిన్న ఊళ్లలో సైతం ఇటువంటి చోట్లకు ప్రోత్సాహకాలిస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. మంచిదే. మన గదికి మాత్రం ఏ పాలసీ వచ్చేటట్టు లేదు.

గత కార్తీకంలో మేము ఆ గదిని నెల రోజులు తెరిచినాము. నాలుగు బల్లలు, ఇంటర్నెట్, ఇన్వర్టరు పెట్టినాము. పాత పఠనాలయం అలవాటు పోక "నిశ్శబ్దము పాటించవలెను" అని బోర్డు కూడా కట్టినాము. ఇద్దరు వచ్చినారు. చెవులకు తొడుగులు పెట్టుకొని, ఒకరికొకరు వీపు చేసి కూర్చున్నారు. ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్నవారు ఇక్కడ ఇద్దరు కలిసి ఒంటరిగా ఉన్నారు.

రెండవ వారంలో ఫ్యాను బాగుచేయటానికి మిల్లులో పనిచేసి విరమించిన మన సభ్యులొకరు వచ్చినారు. ఆయనకు మౌనం తెలియదు. నిచ్చెన మీద నుండే "ఏమమ్మా, నువ్వేం చేస్తావు? ఎవరి తాలూకు?" అని మొదలుపెట్టినారు. ఆ పిల్ల హైదరాబాదు కంపెనీకి జీఎస్‌టీ లెక్కలు చేస్తుందట. పక్కబల్ల కుర్రవాడు తన జీఎస్‌టీ చూచేవారు దొరకక నెలలుగా అవస్థ పడుతున్నాడట. రెండు వీధుల ఎడంలో ఇళ్లు! ఆ పెద్దాయన మరునాడూ వచ్చినారు, ఫ్లాస్కుతో టీ తెచ్చినారు, బోర్డు తీసివేసినారు. నెలాఖరుకు తొమ్మిదిమంది అయినారు, వారిలో నలుగురు కోడళ్లు. తరువాత ఆయన కూతురు పురిటికని విశాఖపట్టణం వెళ్లినారు. పది రోజుల్లో గది మళ్లీ ఖాళీ.

ఇప్పుడొక వ్యాపారి ఆ గదిని గోదాముకు అడుగుతున్నారు. అద్దె తక్కువేమీ కాదు. కమిటీలో సగంమంది ఇవ్వాలనే అంటున్నారు. సంపాదించే పిల్లలకు సంఘం సొమ్ముతో కుర్చీలెందుకని వారి వాదం. అది కొట్టివేయదగిన మాట కాదు. కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు కూర్చునేవారే పంచుకోవచ్చును, ఆ తొమ్మిదిమంది ఒప్పుకొన్నారు. కాని సంఘం పని ఇది కాదనే మాటను మాత్రం మేము ఒప్పుకోలేము. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ప్రభృతులు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నెలకొల్పినప్పుడు పుస్తకాల బీరువా కోసమే అంత పాటుపడలేదు. నలుగురు చేరి చదువుకొనే, చదవలేనివారు కూర్చొని వినే చోటు ప్రతి ఊరికీ ఉండాలని వారి ఆరాటం.

మాకు కావలసినది డబ్బు కాదు. వచ్చినవారిని "ఎవరి తాలూకు?" అని అడిగే మనిషి, ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు. విరమించినవారు, పిల్లలు పెద్దవారైన తల్లులు ఈ సభలో చాలామందే కనిపిస్తున్నారు. కమిటీ నిర్ణయం వచ్చే ఆదివారం. దానికి ముందు ఎవరైనా పేరివ్వదలచుకొంటే, భోజనాల దగ్గర వడ్డన మాదే, అక్కడ చెప్పండి. తాళపుచెవి మా జేబులోనే ఉన్నది.