పన్ను రాయితీ ఎవరి కానుక?

(కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు సంఘాల యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కు సువార్త 12వ అధ్యాయంలో పేద విధవరాలు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన సంగతి సండే స్కూలు నుంచి వింటున్నాం. కానుకల ఆదివారం వచ్చిందంటే మేము పాస్టర్లం ఆ భాగమే తీస్తాం. దానికి సరిగ్గా ముందున్న వచనాలు మాత్రం వదిలేస్తాం. అక్కడ ప్రభువు విధవరాండ్ర ఇళ్ళు మింగేసే పెద్దలను గద్దిస్తున్నాడు. ఆ తర్వాతే పెట్టె ఎదుట కూర్చుని ఎవరు ఎంత వేస్తున్నారో చూశాడు. వేసిందెవరు, తిన్నదెవరు అన్న రెండూ కలిపి చదవాల్సిన భాగమది. ఈ రోజు పన్నుల సంగతిని అలా చదువుదాం.

పన్ను కట్టేది ఉన్నవాళ్ళే అనుకుంటాం. చెప్పులు కొన్నా, ఫోన్ రీచార్జ్ చేసినా జీఎస్టీ కడుతున్నాం. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే అక్క కూడా కడుతోంది. పెట్టెలో ఆమె కాసులూ ఉన్నాయి.

ఇక తీసుకునే వైపు చూద్దాం. కంపెనీలు సొంత ల్యాబ్‌లో పరిశోధన చేస్తే ప్రభుత్వాలు పన్ను తగ్గిస్తాయి. మన దేశంలో ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 35(2ఏబీ) కింద ఆ రాయితీ ఇచ్చారు. 2010 బడ్జెట్‌తో అది 200 శాతమైంది. అంటే కంపెనీ 100 రూపాయలు పెడితే 200 పెట్టినట్టు లెక్క చూపించుకోవచ్చు. 30 శాతం పన్ను లెక్కన, పెట్టని ఆ నూరు మీద 30 రూపాయలు మిగులుతాయి. 2017 ఏప్రిల్ నుంచి దాన్ని 150కి, 2020 ఏప్రిల్ నుంచి మామూలు 100కి దించారు. మందుల కంపెనీలు దీన్ని బాగా వాడుకున్నాయి. తప్పని అనడం లేదు. ల్యాబ్ లేకుండా మందు పుట్టదు. కానీ ఆ మందు ధర ఇంతకు మించకూడదన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. పైగా, ఇక్కడే పరిశోధించి పేటెంట్ పొందిన కొత్త మందుకు 2013 నాటి ధరల నియంత్రణ ఆదేశం 5 ఏళ్ళు మినహాయింపు కూడా ఇచ్చింది.

ఇదంతా మనకెందుకు అంటారా? ఈ ఊరికి క్షయ కొత్త కాదు. చిత్తూరు వైపు నుంచి వచ్చి గనిలోకి దిగిన మన తాతలు రాతి ధూళి పీల్చారు. సిలికోసిస్ పట్టిన ఊపిరితిత్తులను టీబీ త్వరగా పట్టుకుంటుంది. 2001లో గనులు మూశారు గాని లైన్లలో దగ్గు ఆగలేదు.

మొండి టీబీకి బెడాక్విలిన్ అనే మందు ఉంది. 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. టీబీకి 40 ఏళ్ళ తర్వాత వచ్చిన కొత్త రకం మందు. అమ్మింది జాన్సన్ అండ్ జాన్సన్. పెట్టుబడి ఎవరిది? అరుదైన జబ్బుల మందుల కోసం అమెరికా 1983లో చేసిన చట్టం క్లినికల్ ట్రయల్స్ ఖర్చులో సగాన్ని నేరుగా పన్నులోంచి తగ్గించేది. 2017లో దాన్ని 25 శాతం చేశారు. ఈ మందుకు ఆ క్రెడిట్ దక్కింది. పన్ను క్రెడిట్లు, ట్రయల్స్‌కు ఇచ్చిన ప్రజాధనం, ప్రభుత్వమిచ్చిన ఇతర ప్రోత్సాహకాలు కలిపి 2020లో పరిశోధకులు లెక్క కట్టారు. ప్రజల వాటా 45 నుంచి 75 కోట్ల డాలర్ల దాకా, కంపెనీ వాటా 9 నుంచి 24 కోట్ల దాకా తేలింది. పేటెంట్ మాత్రం కంపెనీది.

అసలు పేటెంట్ 2023 జులైతో ముగియాలి. మందును లవణ రూపంలో చూపించి మరో నాలుగేళ్ళు పొడిగించుకోవాలని చూశారు. దాన్ని అడ్డుకున్నవాళ్ళలో ఇద్దరు యువతులున్నారు, ముంబయికి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే. ఇద్దరూ టీబీ నుంచి బతికినవాళ్ళు. పాత మందుల విషానికి ఇద్దరికీ వినికిడి పోయింది. 2019లో అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో మన పేటెంట్ కార్యాలయం కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది. ఆ ఏడాదే అంతర్జాతీయ టెండరులో 6 నెలల కోర్సు ధర 289 డాలర్ల నుంచి 130కి దిగింది.

చెవులు పోయిన ఆ ఇద్దరి మాట విన్నారు. చెవులున్న మనం ఏమడిగాం? సంఘాల్లో స్వస్థత కూడికలు పెడతాం, మంచిదే. మందు ధర గురించి మాత్రం ప్రార్థనలో కూడా ఎత్తం.

ఇప్పుడు కేంద్రం 2025 జులైలో ప్రైవేటు పరిశోధనకు లక్ష కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. తక్కువ వడ్డీకి, వడ్డీ లేకుండా కూడా దీర్ఘకాలపు అప్పులిస్తారు. కాబట్టి పాత ప్రశ్న మళ్ళీ మన ముందుకొచ్చింది. ఆ డబ్బుతో పుట్టిన మందు లైన్లలో ఉన్న మనిషికి ఏ ధరకు అందుతుంది?

బి.కాం. చదివే పిల్లలారా, కేంద్ర బడ్జెట్ పత్రాల్లో పన్ను రాయితీల వల్ల వదులుకున్న ఆదాయం పట్టిక ఏటా వస్తుంది. దాన్ని దించుకుని రండి. ఫార్మసీ వాళ్ళు పేటెంట్ చట్టం సెక్షన్ 25(1) చదవండి. పేటెంట్ ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చని అందులో ఉంది. వచ్చే నెల కూడికలో వాక్యధ్యానం అయ్యాక అరగంట దీనికే కేటాయిద్దాం. పట్టిక తెలుగులో చదివి చెప్పేవాళ్ళు ఇద్దరు కావాలి. పేర్లు ఇప్పుడే ఇవ్వండి.